సముద్ర జీవులకు గాజు రూపమిచ్చిన బ్లాష్కా

సముద్రంలోని మెత్తని జీవులను గాజుతో మలచి లోకానికి చూపిన కళాకారుడు లియోపోల్డ్ బ్లాష్కా. ఆయన 1822 మే 27న, నేటి చెక్ దేశంలోని చెస్కీ డుబ్‌లో జన్మించారు. వారిది తరతరాలుగా గాజు పని చేసే కుటుంబం. బాల్యంలో నగల పని నేర్చిన ఆయన తర్వాత తండ్రి వద్ద గాజు పనిలో చేరారు.

1850లో కలరా ఆయన భార్యను పొట్టన పెట్టుకుంది. మరి రెండేళ్లకే తండ్రి కూడా కన్నుమూశారు. దుఃఖంతో కుంగిపోయిన బ్లాష్కా 1853లో అమెరికాకు ఓడ ఎక్కారు. అజోర్స్ దీవుల సమీపంలో గాలి పడిపోయి, తెరచాపల ఓడ సుమారు రెండు వారాలపాటు కదలకుండా నిలిచిపోయింది. ఆ సమయంలో ఆయన జెల్లీ చేపలను పట్టించి, పరిశీలించి, బొమ్మలు గీసుకున్నారు. గాజువలె నిగనిగలాడే ఆ శరీరాలు ఆయన మనసులో నిలిచిపోయాయి.

స్వదేశం చేరి మళ్లీ వివాహం చేసుకున్నారు. గాజు కళ్లు, నగలు చేస్తూ జీవనం సాగించారు. 1863లో డ్రెస్డెన్ మ్యూజియం అధిపతి రైహెన్‌బాఖ్ ఆయనకు సముద్రపు జీవుల నమూనాలు చేసే పని అప్పగించారు. జంతువుల చర్మంలో గడ్డి కూరి ప్రదర్శించవచ్చు. కాని ఎముకలు లేని జీవులను స్పిరిట్‌లో ఉంచితే రంగు వెలిసి, ముద్దగా మారిపోతాయి. గాజు ఆ లోటు తీర్చింది. దీపపు మంట, కాలితో తొక్కే తిత్తి, పటకారు వంటివి ఆయన పనిముట్లు.

కుమారుడు రుడాల్ఫ్ తోడయ్యాక కీర్తి మరింత పెరిగింది. ఇంట్లోనే నీటి తొట్టెలో సజీవ ప్రాణులను పెంచి, చూస్తూ పని చేసేవారు. 1885లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం సుమారు 570 నమూనాలు కొన్నది. 1890లో హార్వర్డ్‌తో కుదిరిన ఒప్పందం వల్ల తండ్రీకొడుకులు సముద్ర జీవులను విడిచి గాజు పూలకే పరిమితమయ్యారు.

తన పనిలో రహస్య యంత్రమేదీ లేదని, తాతముత్తాతల నుంచి చేతికి వచ్చిన నేర్పే కారణమని ఆయన చెప్పేవారు. 1895 జూలై 3న లియోపోల్డ్ మరణించారు. రుడాల్ఫ్ 1936 వరకు ఒంటరిగా పని సాగించి 1939లో మరణించారు. ఆయనకు సంతానం లేదు, శిష్యులూ లేరు. తండ్రి నుంచి కొడుకుకు దక్కుతూ వచ్చిన ఆ విద్య అక్కడితో ఆగిపోయింది. డబ్లిన్, కార్నెల్, హార్వర్డ్‌లలో భద్రంగా ఉన్న ఆ గాజు జీవులే నేడు దానికి మిగిలిన సాక్ష్యం.