రోడ్డు మళ్ళింది... కల్నల్ దారి వెతుక్కున్నారు

రోడ్డు పక్క హోటలుకు రోడ్డే పెట్టుబడి. అది ఊరి బయటకు మళ్ళిందంటే పొయ్యి ఆరిపోయినట్టే. బైపాస్ పడిన ఊళ్ళలో హోటలు నడిపినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, కార్బిన్ అనే చిన్న పట్టణం శివారున హోటలు నడిపిన హార్లాండ్ సాండర్స్‌కు అరవై అయిదేళ్ళ వయసులో ఈ కష్టమే వచ్చింది. తెల్లకోటు, నల్ల టై, పిల్లిగడ్డంతో కోడి వేపుడు దుకాణాల బోర్డుల మీద నేడు కనిపించే పెద్దాయన ఈయనే.

సాండర్స్ 1890 సెప్టెంబరు 9న ఇండియానా రాష్ట్రంలోని హెన్రీవిల్ సమీపాన జన్మించారు. అయిదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. తల్లి టమాటాలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీకి పనికి వెళితే, ఇంట్లో తమ్ముణ్ణి, చెల్లెల్ని సాకుతూ వంట చేసే భారం ఈ పిల్లవాడి మీద పడింది. ఏడేళ్ళకే గరిటె పట్టిన చెయ్యి అది. తల్లి మారుమనువు చేసుకున్న తర్వాత, పదమూడో ఏట ఆయన ఇల్లు విడిచారు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది.

ఆ తర్వాత పాతికేళ్ళలో ఆయన పట్టని పని లేదు. వయసు ఎక్కువ చెప్పి 1906లో సైన్యంలో చేరి, క్యూబాలో కంచరగాడిదల బండ్లు తోలారు. రైలింజన్లలో బొగ్గు వేశారు. పోస్టు ద్వారా న్యాయశాస్త్రం చదివి చిన్న కోర్టుల్లో వాదించారు గానీ, కోర్టులోనే తన కక్షిదారుతో కలబడటంతో ఆ వృత్తి ముగిసింది. బీమా పాలసీలు అమ్మారు, ఒహయో నదిపై పడవ కంపెనీ పెట్టారు, టైర్లు అమ్మారు. పని తెలియక కాదు, చాలాచోట్ల కోపమే ఆయనకు శత్రువైంది.

1930లో, దేశమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో, షెల్ కంపెనీ కార్బిన్ శివారున ఒక పెట్రోలు బంకును ఆయనకు అద్దె లేకుండా అప్పగించింది. అమ్మకం మీద కొంత సొమ్ము కంపెనీకి కట్టాలి. ఆగిన ప్రయాణికులకు ఆకలి వేసేది. సాండర్స్ కుటుంబం బంకులోనే కాపురం ఉండేది. ఆ ఇంటి భోజనాల బల్లనే ఆరు కుర్చీలతో బయటివారికి వేశారు. కోడి వేపుడు, పంది మాంసం, కూరలు, రొట్టెలు, ఇంట్లో వండుకున్నవే వడ్డించేవారు. పెట్రోలు కంటే భోజనానికే జనం ఎక్కువయ్యారు.

గొడవలూ తక్కువ కాదు. రోడ్డు మీది బోర్డు విషయంలో పోటీ బంకు యజమానితో మొదలైన తగాదా 1931లో కాల్పులదాకా పోయింది. షెల్ కంపెనీ ఉద్యోగి ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

1935లో రాష్ట్ర గవర్నరు సాండర్స్‌కు కెంటకీ కల్నల్ అనే గౌరవ బిరుదు ఇచ్చారు. సైన్యంలో హోదా కాదది. అయినా ఆ పేరే ఆయనకు స్థిరపడింది. 1939 నవంబరులో హోటలు అగ్నికి ఆహుతైంది. ఆయన మళ్ళీ కట్టి, 142 మంది కూర్చునే హోటలు తెరిచారు. పక్కనే బస గదులు కూడా ఉండేవి. బస ఎక్కడో తేల్చేది ఇంటి ఇల్లాళ్ళేనని ఆయన ఎరుగుదురు. అందుకే భోజనశాలలోనే, వాళ్ళు వెళ్ళే దారిలో ఒక నమూనా గదిని కట్టించి శుభ్రంగా ఉంచారు. వ్యాపారం తెలిసిన మనిషి!

ఆయనను తొలిచిన సమస్య వేరు. కోడి మూకుడులో వేగడానికి అరగంట పట్టేది. బాటసారికి అంత తీరిక ఉండదు. ముందే వేయించి పెడితే రుచి పోతుంది, మిగిలితే నష్టం. అప్పుడప్పుడే బజారులోకి వచ్చిన ప్రెషర్ కుక్కర్‌ను నూనె వేపుడికి అనువుగా మార్చుకుని ఆ సమయాన్ని బాగా తగ్గించారు. 1940లో పదకొండు దినుసుల మసాలా ఖాయం చేసుకున్నారు. ఆ పాళ్ళు నేటికీ రహస్యమే.

1950 దశకంలో కొత్త జాతీయ రహదారి కార్బిన్‌ను తప్పించి పోయేలా నిర్ణయమైంది. అంతకు ముందు 1 లక్షా 64 వేల డాలర్లకు అడిగినా ఆయన అమ్మలేదు. 1956లో అదే ఆస్తి వేలంపాటలో 75 వేలకు పోయింది. బాకీలు తీర్చాక మిగిలింది నెలకు 105 డాలర్ల ప్రభుత్వ పింఛను.

అయితే వంట పద్ధతిని వేలం వేయలేరు కదా. 1952లోనే యూటా రాష్ట్రంలో పీట్ హార్మన్ అనే హోటలు యజమానికి ఆయన దాన్ని నేర్పి ఉన్నారు. ఇప్పుడు కారులో కుక్కరు, మసాలా పెట్టుకుని ఊరూరా బయలుదేరారు. హోటలు వంటగదిలో స్వయంగా వేయించి చూపేవారు. నచ్చినవారు అమ్మిన ఒక్కో కోడికి 5 సెంట్లు, అంటే డాలరులో ఇరవయ్యో వంతు, ఇవ్వాలి. చాలా రాత్రులు కారులోనే నిద్ర. ఇంటి దగ్గర భార్య క్లాడియా మసాలాలు కలిపి పంపేవారు. 1964 నాటికి అమెరికా, కెనడాలలో 600 పైచిలుకు దుకాణాలు ఈ పద్ధతిలో నడిచాయి.

ఆ ఏడే జాన్ బ్రౌన్, జాక్ మాసీ అనే వ్యాపారులకు కంపెనీని 20 లక్షల డాలర్లకు అమ్మారు. కెనడా హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. జీతం తీసుకుంటూ ప్రచారకర్తగా మిగిలారు. ముఖం ఆయనది, పెత్తనం ఇతరులది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. 1971లో కంపెనీ మళ్ళీ చేతులు మారింది. వంటలు మారాయని, ముఖ్యంగా కోడితో వడ్డించే గ్రేవీ పాడైందని కల్నల్ బాహాటంగా తిట్టారు. గోడలకు కాగితాలు అంటించే జిగురుతో దాన్ని పోల్చారు. ఒక దుకాణం వారు పరువునష్టం దావా వేయగా, 1978లో కెంటకీ కోర్టులో వారే ఓడిపోయారు. తన పేరు అమ్ముకున్న మనిషి రుచి విషయంలో మాత్రం తగ్గలేదు.

1980 డిసెంబరు 16న, తొంభయ్యో ఏట లూయివిల్‌లో కల్నల్ కన్నుమూశారు. తెల్లకోటుతోనే ఖననం చేశారు. పదిహేనేళ్ళకు, 1995లో, బెంగుళూరులో ఆయన బొమ్మతో మన దేశపు మొదటి దుకాణం తెరుచుకుంది. కార్బిన్‌లోని పాత హోటలును 1990లో బాగుచేసి తెరిచారు. నాటి వంటగదిని, నమూనా గదిని అక్కడ చూడవచ్చు.