మారియో మకాఫెర్రి చరిత్రము

వాద్యములను వాయించినవారి చరిత్రములు మన విద్యార్థులు పెక్కు చదివియుందురు. వాద్యములను చేసినవారి చరిత్రములు చదువుట అరుదు. వీణ వాయించు విద్వాంసుని పేరు ఊరూర మ్రోగును గాని, ఆ వీణకు పనసకొయ్యను తొలిచిన వడ్రంగి పే రెవ్వరికిని తెలియదు. ఈ యేట మేము వ్రాయబూనిన జీవితము ఈ రెండు తెగలకును చెందినది. మారియో మకాఫెర్రి గిటారు వాయించుటయందును, గిటారు చేయుటయందును సమానముగా నారితేరిన ఇటలీ దేశస్థుడు. అతడు చేసిన వాద్యములు చూపరుల కంటికి వింతగా తోచెను. అందొక వింతను లోకము నెత్తిన బెట్టుకొనెను. మరియొక వింతను చెవియొగ్గి వినకమునుపే త్రోసివేసెను. ఈ భేద మెందువలన గలిగెనో విచారించుటయే మా యుద్దేశము.

మకాఫెర్రి 1900 వ సంవత్సరము మే నెల 20 వ తేదీన, బొలోన్యా నగరమునకు సమీపమునగల చెంతో అను చిన్న పట్టణమున జన్మించెను. పదునొకండవ యేటనే లూయిజీ మొజ్జాని యను వాద్యశిల్పియొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. ఈ గురువు సామాన్యుడు కాడు. తానే గిటారు కచేరీలు చేసిన విద్వాంసుడు. తానే ఉలి పట్టి గిటారులు చేయువాడు. అంతేగాక, గిటారనగా నిట్లే యుండవలెనని నమ్మినవాడు కాడు. ప్రాచీన గ్రీకుల లైరు వాద్యమువలె రెండు కొమ్ములుగల గిటారులను, మామూలు తీగలకు తోడు మంద్రస్వరపు తీగలను అదనముగా బిగించిన గిటారులను అతడు చేయుచుండెను. బాలుడైన మకాఫెర్రి అక్కడ జిగురు కాచుట, చిత్రిక పట్టుట, పై పలకను కాగితమువలె కాకున్నను రేకువలె పలుచన చేయుట నేర్చుకొనెను. వాటితోపాటు మరియొక పాఠము కూడ నేర్చెను. వాద్యముయొక్క ఆకారము తాతలనాటి శాసనము కాదు. నాదమునకు దాసి మాత్రమే.

చేతిపని నేర్చిన కొలది సంవత్సరములకే అతనికి వాయించుటయందు ఆసక్తి పుట్టెను. గిటారు విద్యను శాస్త్రోక్తముగా నభ్యసించి, 1920 మొదలుకొని పది సంవత్సరముల కాలము ఐరోపా నగరములలో కచేరీలు చేసి పేరు పొందెను. అదనపు మంద్రపు తీగలుగల గిటారునే అతడు సభలకు తీసికొనిపోవుచుండెను. ఆరు తీగల గిటారునకు అలవాటుపడిన శ్రోతలకు అది వింతయే. అయినను అతని వ్రేళ్లు పలికించిన స్వరములు విన్నవెనుక దాని రూపమును గూర్చి శ్రోతలు తలచుకొనుట మానిరి.

ఇక్కడ గిటారు పనిచేయు విధమును కొంచెము చెప్పుట అవసరము. తీగ మీటినప్పుడు పుట్టు కదలిక గుర్రము ద్వారా పై పలకకు చేరును. ఆ పలుచని పలక కంపించి, పెట్టెలోపలి గాలిని కదలించును. ఆ గాలి నాదరంధ్రము గుండ వెలికివచ్చి మన చెవిని సోకును. తీగ యొంటిగా చేయు ధ్వని మిక్కిలి స్వల్పము. కావున గిటారుయొక్క బలమంతయు పై పలకయందును, పెట్టెయందును ఉన్నది. ఆ కాలపు గిటారులకు రెండు లోపములుండెను. మొదటిది, బాకాలు, సాక్సోఫోనులు మ్రోగు నాట్యశాలలలో దాని గొంతు వినబడదు. రెండవది, దండి పెట్టెతో కలియుచోట వాయించువాని చేయి అడ్డుపడి, పై మెట్ల నందుకొనజాలదు. తాను స్వయముగా వాయించువాడు గనుక ఈ బాధలు మకాఫెర్రికి ఇతరుల మాటవలన గాక తన వ్రేళ్లవలననే తెలిసెను.

1930 ప్రాంతమున అతడు లండనులో నివసించుచు, ఈ రెండు లోపములను తీర్చు గిటారును చేసెను. ఊదు వాద్యములకు పేరుగాంచిన పారిస్‌నందలి సెల్మర్ సంస్థవారు దానిని తయారుచేయుట కంగీకరించిరి. పారిస్ సమీపముననే మాంత్-లా-వీల్ అను చోటగల వారి కర్మాగారమున మకాఫెర్రియే పనివారికి నేర్పి, పనిముట్లు ఏర్పరచెను. 1932 లో ఆ గిటారు అంగడికి వచ్చెను. దాని రూపము చూచి వాద్యములవారు కనుబొమలెత్తిరనుటలో నాశ్చర్యము లేదు. గుండ్రని చిన్న రంధ్రమునకు బదులు, ఇంగ్లీషు డి అక్షరమును పరుండబెట్టినట్లు పెద్ద నోరు. పై మెట్లు అందుటకై పెట్టెయొక్క భుజము నొకచోట కోసివేసిన ఆకారము. ప్రక్కలకును, వెనుకకును పలుచని పొరలను అతికించిన కొయ్య. అన్నిటికంటెను వింత యేమనగా, పెట్టెలోపల మరియొక చిన్న నాదపెట్టె.

ఈ లోపలి పెట్టె విషయమున వాయించువారందరు నేకాభిప్రాయులు కారైరి. అది యొక్కొక్కప్పుడు ఊడి లోపల గిలకవలె కదలుచుండుటచే పలువురు దానిని తీసివేసిరి. సంస్థవారితో ఒడంబడిక విషయమున భేదము వచ్చి, ఇంచుమించు ఒకటిన్నర సంవత్సరములోపలనే మకాఫెర్రి ఆ పని విడిచెను. అతని ఆధ్వర్యమున తయారైనవి 300 లకు మించలేదు. తరువాత సంస్థవారు లోపలిపెట్టెను మాని, నోటిని చిన్న కోడిగ్రుడ్డు ఆకారమునకు మార్చి, 1952 వరకు ఈ గిటారులను చేయుచుండిరి. అన్నియు కలిసి సుమారు 1,000 మాత్రమే.

ఇంత కొద్ది సంఖ్యగల వాద్యము ప్రపంచప్రసిద్ధి నెట్లు పొందెను? జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని మూలముననే. 1910 లో బెల్జియములో పుట్టిన ఈతడు సంచారజాతివాడు. 1928 లో తాను నివసించు బండికి నిప్పంటుకొనగా ఎడమచేతి వ్రేళ్లలో రెండు చాలవరకు పనికిరాకపోయెను. మిగిలిన వ్రేళ్లతోనే విద్యను మరల మొదటినుండి నేర్చుకొని, 1934 లో పారిస్‌నందు ఏర్పడిన తంత్రీవాద్య పంచకముతో కీర్తి గడించెను. అతని చేతిలో మ్రోగినది ఈ సెల్మర్ గిటారే. అతని వాదనము విన్న యువకులు డి ఆకారపు నోరు వింతయా కాదా యని వాదించుట మాని, అట్టి గిటారు తమకును కావలెనని కోరిరి. నేటికిని ఆ మార్గమున వాయించువారు ఆ ఆకారమునే కోరుదురు. ఒకనాటి వింత నేటి ఆచారమాయెను.

మకాఫెర్రి బ్రతుకు మాత్రము వేరొక దారి త్రొక్కెను. 1933 లో ఈతకొలనులో జరిగిన ప్రమాదమున అతని చేతికి గట్టి దెబ్బ తగిలెను. కచేరీ విద్వాంసునికి చేయియే సర్వస్వము. ముప్పదిమూడవ యేట అతని కచేరీ జీవిత మట్లు ముగిసెను. ఇట్టి యాపద వచ్చినవాడు నిరాశలో మునిగినను మన మతని నిందింపజాలము. అతడు మునుగలేదు. చెక్కుటకు వ్రేళ్లు, విచారించుటకు బుద్ధి మిగిలినవని గ్రహించి, క్లారినెట్టు, సాక్సోఫోనులకు నోటియందుంచు రెల్లు రీడులను తయారుచేయు వ్యాపారము ప్రారంభించెను.

1939 లో, యుద్ధమేఘములు ఐరోపాను క్రమ్ముచుండగా, అతడు భార్యతో న్యూయార్కు చేరెను. రీడులకు వలయు మేలైన రెల్లు ఫ్రాన్సుదేశమునుండి రావలెను. యుద్ధమువలన ఆ త్రోవ మూతపడెను. ఇతరులు చేతులు ముడుచుకొని కూర్చుండగా, మకాఫెర్రి ప్లాస్టికుతో రీడులు చేసెను. ఆ పదార్థముతో పరిచయమైన పిదప, బట్టలారవేయుటకు వాడు ప్లాస్టికు క్లిప్పులను, గోడలకు అతికించు పలకలను చేసి ధనము గడించెను. కచేరీలలో పూలమాలలందుకొన్న చేతులు బట్టల క్లిప్పులు చేయుట అవమానమని అతడు తలంపలేదు.

అయినను మనస్సు గిటారుమీదనే యుండెను. 1949 లో అతడు హవాయి ద్వీపములనుండి వచ్చిన నాలుగు తీగల యుకులేలీ వాద్యమును ప్లాస్టికుతో చేసి, పేదవాడును కొనగలిగిన వెలకు అమ్మెను. అది చవుకయే గాని తప్పుస్వరమునది కాదు. మెట్లు సరియైన కొలతలో నుండెను. అవి సుమారు 90 లక్షలు అమ్ముడుపోయినవని చెప్పుదురు. వాద్యము ముట్టి యెరుగని యెందరో పిల్లలకు అదియే మొదటి గురువాయెను.

ఈ విజయముచే ధైర్యము చెంది, అతడు తన జీవితములోకెల్ల పెద్ద సాహసమునకు పూనుకొనెను. 1953 లో పెద్దవారు సభలో వాయింపదగిన ప్లాస్టికు గిటారులను వెలువరించెను. ఇవి బొమ్మలు కావు. దండి వంగకుండ లోపల లోహము నుంచెను. ఫిడేలువలె రెండు వంపు రంధ్రములుగల రకము నొకటి చేసెను. వానకాలపు చెమ్మకు కొయ్యవలె ఉబ్బదు; ఎండకాలమున బీటలు వారదు. మొజ్జాని కార్ఖానాలో పలక పలుచన చేసిన నాటినుండి నేర్చిన విద్యనంతయు, గడించిన ధనములో పెద్దభాగమును వీటిలో పెట్టెను.

గిటారువాండ్రు వాటిని కొనలేదు. ప్లాస్టికు అను మాటయే వారికి చాలెను. పిల్లవాండ్ర యుకులేలీ చేసినవాడే దీనిని చేసెను గనుక ఇదియు ఆటవస్తువే యని తీర్మానించిరి. అతని గెలుపే అతనికి అడ్డుగోడయైనది. అంగళ్లవారు కొనువారు లేని సరుకును తెప్పింపరైరి. మరి దోషము లేవియు లేవా యనిన, ఉన్నవి. ఆ జాతి ప్లాస్టికు పెళుసైనది, క్రిందపడిన పగులును. మేలైన దేవదారుజాతి కొయ్య పలక పలుకు తీపి దానికి లేదని చెప్పు చెవులును గలవు. విని, తూచి, అట్లు చెప్పినవారితో మాకు వివాదము లేదు. వినకయే చెప్పినవారే యెక్కువ. ఇంకొక సంగతియు న్యాయముగా చెప్పవలెను. గిటారు వాయించి పొట్ట పోసికొనువాడు ఒక్క వాద్యమే కొనగలవాడు; తోటివారు నవ్వు వాద్యముతో వేదిక నెక్కుటకు అతడు భయపడును. కావున దురభిప్రాయము మూర్ఖత్వమువలననే గాక, భయమువలనను, బీదరికమువలనను పుట్టుచుండును.

అమ్ముడుపోని గిటారులను మకాఫెర్రి కరగించి క్లిప్పులు చేయలేదు. గిడ్డంగిలో భద్రపరచెను. అవి యచ్చట అనేక సంవత్సరములు నిద్రించెను. ఆ పిమ్మట పాత వాద్యములయందు మక్కువగలవారు వాటిని వెదకి కొనసాగిరి. వృద్ధాప్యమునను అతడు ప్రయత్నము మానక ప్లాస్టికు ఫిడేలు చేసెను. 1990 లో న్యూయార్కు కార్నెగీ హాలునందలి చిన్న సభాశాలలో దానిని వాయింపించెను. అప్పటికి అతనికి తొంబది యేండ్లు. 1993 వ సంవత్సరము ఏప్రిల్ నెల 16 వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి రై పట్టణమున కన్నుమూసెను. నేడు బొగ్గునారతో గిటారులు చేయుచున్నారు. దూరదేశములు తిరుగు విద్వాంసులు వాటిని మోసికొనిపోవుచున్నారు. వాటిని చూచి ముఖము చిట్లించువారును ఇంకను గలరు.

ఇది వ్రాయుటకు మాకొక కారణము గలదు. దానిని దాచుట ధర్మము కాదు. పాఠశాల వార్షికోత్సవపు పాటల అభ్యాసమునకు ఒక బాలుడు నీలిరంగు ప్లాస్టికు యుకులేలీని తెచ్చెను. దానిని చూచినంతనే మేము అది ఆటవస్తువని చెప్పి, సంచిలో పెట్టివేయుమంటిమి. అతడు మారుమాటాడక పెట్టివేసెను. సాయంకాలము వసతిగృహపు అరుగుమీద చిన్నపిల్లలు నలుగురు కూడి పాడుచుండగా ఆ వాద్యము వినబడెను. శ్రుతి తప్పలేదు, తాళము తప్పలేదు. మా హార్మోనియముకంటె పిల్లల లేతగొంతులకు అదియే చక్కగా నమరెను. మరునాడు మేము ఆ బాలుని పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టితిమి. ఒక రాత్రి అతని మనస్సునకు గలిగిన కష్టమును మాత్రము వెనుకకు తీసికొనజాలము.

విద్యార్థులారా! మకాఫెర్రి చేసిన రెండు వింతలలో ఒకదానికి జాంగోవంటి చేయి దొరకెను, రెండవదానికి దొరకలేదు. వాద్యముల గతియే మనుష్యులకును పట్టుచుండును. క్రొత్తగా వచ్చినవాడు ఏ పదార్థముతో చేయబడెనో, ఏ యూరినుండి వచ్చెనో యడుగుటకు ముందు, ఒక్క పాట పాడనిచ్చి వినుడు. విన్నపిమ్మట మీకు నచ్చకపోవచ్చును. అప్పుడది మీ తీర్పగును. అంతకుముందు చెప్పినది తీర్పు కాదు.