కన్నంబాడి సుర్కీ గోడ

మోక్షగుండం ప్రకాశం జిల్లాలోని ఒక ఊరు. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా వెంట తెచ్చుకొని, తరాల కిందట మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగు కుటుంబంలో, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో, 1861లో విశ్వేశ్వరయ్యగారు జన్మించారు. మనమూ అలా వచ్చినవారమే గనుక ఈ ముక్కతో మొదలుపెట్టాను. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఒకరింటి పిల్లలకు పాఠాలు చెప్పుకొని గడిపారు. 1881లో బి.ఏ., పూనాలో ఇంజనీరింగు, ఆపైన బొంబాయి ప్రభుత్వంలో కొలువు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదువారు వారిని పిలిపించుకొన్న సంగతి తెలిసిందే.

నేను చెప్పదలచినది కన్నంబాడి మాట. బృందావనానికి పోయిన మనవారు రంగుదీపాలు చూసి వస్తారే గాని, వెనుకనున్న గోడను చూడరు. 1909లో వారు మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరం పని మొదలైంది. ఆ రోజుల్లో సిమెంటు చాలావరకు ఓడలమీద రావలసిందే. అందుచేత రాతికట్టుబడికి సుర్కీ వాడారు: కాల్చిన ఇటుక పొడిని సున్నంతో కలిపి నూరిన గచ్చు.

ఉట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. మందపు గోడ నడుమ, చెమ్మలో, మెత్తగా ఉండిపోతుంది. కాలిన మట్టి పొడి కలిస్తే తడిలోనే బిగుస్తుంది. మన ఊళ్ల మేస్త్రీలకూ ఇది కొత్తదేమీ కాదు. లోపమల్లా నిదానం. అయితే ఆ గోడ నీటిని ఆపేది తన బరువుతో. త్వరగా బిగిసే సరుకే కావాలని లేదు. అయినా లెక్క తప్పితే దిగువన శ్రీరంగపట్టణం ఉంది!

1912 నుంచి 1918 దాకా వారు దివాన్. 1917లో బెంగుళూరుకు ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. సుమారు 8,600 అడుగుల గోడ ముగిసేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

భద్రావతి విషయంలో మాత్రం నాకు అంత నిశ్చయం లేదు. ఇనుపరాయి ఉంది, రాతిబొగ్గు లేదు. అడవి కర్రను కాల్చిన బొగ్గుతోనే 1923లో ఇనుము తీశారు. సుర్కీకి మట్టి ఎంతైనా దొరుకుతుంది. చెట్టు కొట్టిననాడే పెరగదు. తొలి ఏళ్లు నష్టాలే. వారే బోర్డు అధ్యక్షులై నిలబెట్టారు. తరువాతి కాలంలో కరెంటు కొలుములు వచ్చాయి.

1955లో భారతరత్న. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్లిలో ఉంది. మన కుళాయిలకు వచ్చే కావేరి నీళ్లలో ఆ సుర్కీ గోడ వెనుక నిలిచినవీ ఉన్నాయి.