చెవిన పడిన వాక్యం



కేసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వచ్చినవారిని ఒకసారి చూడండి. వారమంతా మిర్చి ఏరి, పత్తి తీసి, మార్కెట్ యార్డులో బస్తాల మధ్య గడిపి వచ్చినవారే ఎక్కువ. పెద్ద వయసు తల్లులు చాలామందికి అక్షరాలు రావు. వారికి బైబిలు చేతిలో పట్టుకొని చదివే పుస్తకం కాదు, చెవిన పడే మాట. అయితే వాక్యపఠనం వేళకు మనం ఏం చేస్తున్నాం? అప్పటికప్పుడు ఒక యువకుణ్ణి లేపుతాం. అతడు ఫోన్‌లో అధ్యాయం వెదికి, తల వంచుకొని గబగబ చదివి కూర్చుంటాడు. ప్రసంగానికి గంట ఇచ్చే మనం వాక్యానికి ఐదు నిమిషాలు నెమ్మదిగా ఇవ్వలేకపోతున్నాం. ఈ లోపం మాలోనూ ఉంది. అందుకే ఈ వారం, చదవడం, వినడం అనే రెండు పనుల చుట్టూ జీవితమంతా తిరిగిన ఒక దైవజనుణ్ణి జ్ఞాపకం చేసుకుందాం. ఆయన హిప్పో బిషప్పు అగస్టీను.

ఆయన క్రీ.శ. 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే పట్టణంలో పుట్టాడు. ఆ ఊరు నేటి అల్జీరియాలో ఉంది. తండ్రి పత్రీసియస్ అప్పటికి క్రైస్తవుడు కాడు. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. చుట్టూ అందరూ లాటిను మాట్లాడేవారు గనుక ఆ భాష పిల్లవానికి ఆడుతూ పాడుతూ అబ్బింది. గ్రీకు మాత్రం దెబ్బల భయంతో నేర్వవలసి వచ్చింది. అందుచేత హోమరు కావ్యం కూడా అతనికి చేదైపోయింది. లాటిను కవి వర్జిలు అంటే మాత్రం ప్రాణం. ప్రియుడు విడిచిపోగా ప్రాణం తీసుకొన్న దీదో రాణి కథ చదువుతూ ఏడ్చేవాడు.

ఆ కాలపు చదువు చాలావరకు నోటి చదువే. చేతిరాత పుస్తకాల్లో సాధారణంగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పైకి పలికి చూస్తే తేలికగా తెలిసేది. ఒకసారి బడిలో పోటీ పెట్టారు. జూనో దేవత కోపదుఃఖాలను తన సొంత మాటల్లో అభినయించి చెప్పాలి. అగస్టీనుకు తోటివారందరికంటె ఎక్కువ మెప్పు వచ్చింది. పెద్దయ్యాక ఆ మెప్పును తలచుకొని సిగ్గుపడ్డాడు. కథలోని దీదో కోసం ఏడ్చాను గాని, దేవునికి దూరమై చనిపోతున్న నా ఆత్మ కోసం ఏడవలేదే అని బాధపడ్డాడు. మనుష్యుడు అనే లాటిను మాటలో హకారం జారిపోతే తప్పుపట్టే లోకం, ఆ మనుష్యుణ్ణి ద్వేషిస్తే అంతగా నొచ్చుకోదని కూడా గమనించాడు. ఉచ్చారణ బాగున్నంత మాత్రాన హృదయం బాగున్నట్టు కాదు. వాక్యం చదివే మనం ఈ సంగతి మరువరాదు.

19వ ఏట కార్తేజీలో సిసెరో రాసిన ఒక పుస్తకం చదివి జ్ఞానం కోసం తపించాడు. బైబిలు తెరిచి చూశాడు. ఆనాటి లాటిను అనువాదం మోటుగా తోచింది. సిసెరో భాషతో పోల్చి పక్కన పెట్టేశాడు. తర్వాత సుమారు తొమ్మిదేళ్లు మానీ మతస్థుల వెంట తిరిగాడు. పెండ్లి కాకుండానే ఒక స్త్రీతో కాపురం చేసి, అదేయోదాతు అనే కుమారునికి తండ్రి అయ్యాడు. మోనికా కన్నీరు ఆగలేదు, ప్రార్థన ఆగలేదు.

384లో మిలాను నగరంలో వక్తృత్వం బోధించే గొప్ప ఉద్యోగం వచ్చింది. అక్కడి బిషప్పు అంబ్రోసు మంచి వక్త అని విని, ఆయన మాటతీరు ఎలా ఉంటుందో చూద్దామని ఆరాధనకు వెళ్లాడు. విషయం కోసం వెళ్లలేదు. అయినా సొగసైన మాటల వెంబడి విషయం కూడా మెల్లగా లోపలికి దిగింది. అంబ్రోసు ఒంటరిగా చదువుకొనే తీరు కూడా అతణ్ణి ఆశ్చర్యపరచింది. కళ్లు పుట వెంట సాగేవి, మనసు అర్థాన్ని వెదికేది, నోరు మాత్రం కదిలేది కాదు. త్వరగా బొంగురుపోయే గొంతును కాపాడుకొనుటకేమో అనుకొన్నాడు. మౌనంగా చదివేవారు ఆనాడు బొత్తిగా లేరని కాదు గాని, అంబ్రోసు తీరు అతనికి వింతగానే తోచింది.

386లో ఒకరోజు తోటలో, పాపపు అలవాట్లను విడువలేక ఏడుస్తుండగా, పక్క ఇంటివైపు నుండి ఒక పిల్ల గొంతు వినబడింది. తీసుకొని చదవమని అది మళ్లీ మళ్లీ పాడుతోంది. ఈజిప్టు సన్యాసి అంతోనీ సంఘంలో చదవబడిన సువార్త భాగాన్ని తనకే చెప్పినట్టు విని లోబడిన సంగతి అగస్టీనుకు గుర్తొచ్చింది. వెళ్లి పౌలు పత్రికలు తెరిచి, కంటబడిన భాగాన్ని మౌనంగా చదివాడు. అది రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చివరి మాటలు. చదివింది మౌనంగానే గాని, అక్కడికి నడిపించింది మాత్రం చెవిన పడిన స్వరం. మరుసటి ఏడు, 387 పునరుత్థాన పండుగ వేళ, కుమారునితో కలిసి అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. ఆ ఏడే మోనికా ప్రభువునందు నిద్రించింది.

స్వదేశం చేరాక, 391లో హిప్పో సంఘస్థులు ఆయనను పట్టుబట్టి పాదిరిని చేశారు. అక్కడి బిషప్పు వలేరియస్ గ్రీకువాడు. లాటినులో బోధించడం ఆయనకు కష్టం. అందుచేత ఆ ప్రాంతపు వాడుకకు భిన్నంగా పాదిరిగా ఉండగానే అగస్టీనుకు ప్రసంగ పీఠం ఇచ్చాడు. కొన్నేళ్లకు అగస్టీనే బిషప్పయ్యాడు. ఆయన మాట్లాడుతుంటే లేఖకులు రాసుకొన్న ప్రసంగాలు వందల సంఖ్యలో నేటికీ ఉన్నాయి.

ఒకసారి ఆయన చిన్న కీర్తనపై బోధించాలని సిద్ధపడి వచ్చాడు. చదివేవాడు కంగారులో వేరే కీర్తన ఎత్తుకొన్నాడు. అది మన బైబిలులో 139వది. అగస్టీను అతణ్ణి గద్దించలేదు. ఆ పొరపాటులో దేవుని చిత్తం ఉందని ఎంచి ఆ పెద్ద కీర్తననే బోధించాడు. అందులో ఎముకను గూర్చిన మాట ఒకటుంది. లాటినులో ఎముకకూ నోటికీ ఒకటే అక్షరాలు, హ్రస్వదీర్ఘాల తేడాతో పలకాలి. ఆఫ్రికా వారి చెవులకు ఆ తేడా తెలియదు. మనకు పలు, పాలు ఒక్కలాగే వినబడితే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకని ఆయన పండితులు తప్పుపట్టే పల్లె మాటనే ఎముకకు వాడాడు. జనానికి అర్థం కాకపోవడం కంటె పండితుల నింద మేలనుకొన్నాడు.

వినేవారి చెవి ఎంత గట్టిదో కూడా ఆయనకు తెలుసు. హీబ్రూ నుండి జెరోము చేసిన కొత్త అనువాదాన్ని ఓయా పట్టణపు బిషప్పు సంఘంలో చదివించగా, యోనా గ్రంథంలోని చెట్టు పేరు మారిందని పెద్ద గొడవ లేచింది. మన బైబిలులో సొరచెట్టు అని ఉన్న చోటే అది. ఆ బిషప్పు తన సంఘాన్ని పోగొట్టుకొనేంత పని అయింది. ఈ సంగతిని అగస్టీను 403లో జెరోముకు ఉత్తరంలో రాశాడు. పుస్తకం చేతిలో లేని ఆ జనానికి వాక్యం పొల్లు పోకుండా చెవిలో నిలిచి ఉంది!

430లో వాండలులు హిప్పోను ముట్టడించారు. జబ్బుపడిన అగస్టీను పశ్చాత్తాప కీర్తనలను రాయించి, పడుకొన్న చోట గోడపై పెట్టించుకొని, చదువుతూ కన్నీరు కార్చాడు. ఒకనాడు దీదో కోసం కారిన కన్నీరు చివరికి ప్రభువు సన్నిధిలో కారింది. ఆగస్టు 28న ఆయన కన్నుమూశాడు.

ప్రియులారా, మనకు పొరుగునే ఉన్న డోర్నకల్‌లో 1912 నుండి బిషప్పుగా సేవ చేసిన అజరయ్య గారి కాలంలోనూ చదువురాని పల్లె విశ్వాసులు విని, పాడి, కంఠస్థం చేసే వాక్యాన్ని నేర్చుకొన్నారు. ఆ చెవులు ఇంకా మన సంఘాల్లో ఉన్నాయి. కాబట్టి చదివేవారికి శనివారమే భాగం చెప్పండి. ఇంట్లో రెండుసార్లు గొంతెత్తి చదివి రమ్మనండి. చదివేటప్పుడు వెనుక వరుసలో కూర్చున్న అవ్వ వైపు చూసి, ఆమెకు అందేలా చదవమనండి. వారమంతటికీ ఆమెకున్న బైబిలు ఆ ఐదు నిమిషాలే కావచ్చు.