చుట్టంగా వచ్చి ఇంటిమనిషైపోయిన మార్గరెట్

దసరా సెలవుల్లో నా హాస్టల్ ఫ్రెండ్స్ నలుగురు మా చోడవరం వచ్చారు. వాళ్ళు వస్తున్నారంటే నాకు ముందు రోజు నుంచే టెన్షన్. మా ఊళ్ళో ఏటి చూపించాలి? స్వయంభూ వినాయకుడి గుడి, గౌరీశ్వరుడి గుడి, గోవాడ షుగర్ ఫ్యాక్టరీ బయట నుంచి. ఒక్క పూటలో చూపించడం అయిపోయింది. మధ్యాహ్నానికి ఇంక ఏముంది అన్నట్టు అందరూ నా మొహం చూస్తున్నారు.

ఆ నలుగురిలో ఒకడిది మదనపల్లె. గుడి మెట్ల మీద కూర్చుని మొదలెట్టాడు. మీ ఊళ్ళో వినాయకుడు వెలిస్తే మా ఊళ్ళో జనగణమన పుట్టింది, దానికి బాణీ కట్టింది మా ఊళ్ళో ఉన్న ఒక ఇంగ్లీషు దొరసాని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. జనగణమన కలకత్తాలో పుట్టిందని స్కూల్లో చదివాను కదా. బిర్యానీ పందెం వేసుకున్నాం. ఆ పందెం గెలవడానికే నేను ఆ దొరసాని గురించి చదవడం మొదలెట్టాను. రెండు వారాల తర్వాత బిర్యానీ సంగతి మర్చిపోయాను గానీ ఆవిడని మాత్రం మర్చిపోలేకపోయాను.

ఆవిడ పేరు మార్గరెట్ కజిన్స్. ఇంట్లో వాళ్ళకి, ఫ్రెండ్స్‌కి గ్రెట్టా. మావాడి మొదటి తప్పు ఇక్కడే. ఆవిడ ఇంగ్లీషావిడ కాదు, ఐరిష్ ఆవిడ. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, ఆవిడ జీవితమంతా ఆ తేడాలోనే ఉంది. మనల్ని ఏలిన వాళ్ళే వాళ్ళ దేశాన్నీ ఏలుతున్న రోజులవి.

1878 నవంబర్ 7న ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. పన్నెండు మంది పిల్లల్లో పెద్దది. మనలో చాలామందిలాగే చిన్న ఊరి నుంచి చదువు కోసం పెద్ద ఊరు వెళ్ళారు. డబ్లిన్‌లో సంగీతం నేర్చుకుని 1902లో మ్యూజిక్ డిగ్రీ తీసుకున్నారు. మరుసటి ఏడాది జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళి చేసుకున్నారు. ఆయనది బెల్‌ఫాస్ట్. ఇద్దరూ శాకాహారులు. మాంసం, బంగాళదుంప తప్ప ఇంకోటి తెలియని ఊళ్ళో అది పెద్ద వింతే.

డబ్లిన్‌లో వాళ్ళిల్లు చిన్నదే గానీ వచ్చేపోయే జనం ఎక్కువ. కవులు, నాటకాల వాళ్ళు, పాటగాళ్ళు. 1904 జూన్‌లో ఉండటానికి చోటు లేని ఒక ఇరవై రెండేళ్ళ కుర్రాడు వాళ్ళింట్లో కొన్ని రాత్రులు తలదాచుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత యులిసిస్ రాసిన జేమ్స్ జాయిస్. వాళ్ళ శాకాహారం అతనికి పడలేదు, తొందరగానే వెళ్ళిపోయాడు. హాస్టల్ మెస్‌లో తినే మనకి ఆ కుర్రాడి బాధ బాగా అర్థమవుతుంది.

1906లో మాంచెస్టర్‌లో ఒక మహిళా సభకి వెళ్ళాక గ్రెట్టా దారి మారిపోయింది. ఆడవాళ్ళకి ఓటు ఎందుకు లేదన్న ప్రశ్న పట్టుకుంది. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు కోసం ఒక సంఘం పెట్టారు. 1910లో లండన్ వెళ్ళి ప్రధానమంత్రి ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టి హాలోవే జైల్లో నెల రోజులు ఉన్నారు. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి మళ్ళీ జైలుకెళ్ళారు. ఈసారి నిరాహారదీక్ష చేశారు. పియానో వాయించే చేతులతో రాళ్ళు విసిరిన మనిషి అన్నమాట.

1915లో భార్యాభర్తలిద్దరూ ఇండియా వచ్చేశారు. దివ్యజ్ఞాన సమాజం పరిచయంతో అనీ బిసెంట్ పిలిచారు. మద్రాసులో ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో జేమ్స్‌కి ఉద్యోగం. ఏడాది కూడా నిలవలేదు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ ఆయన రాశారు, దాంతో ఉద్యోగం పోయింది. అప్పుడు దొరికిన చోటే మదనపల్లె. అప్పట్లో చిత్తూరు జిల్లాలో, కొండల మధ్య చిన్న ఊరు. అక్కడ బిసెంట్ పెట్టిన కాలేజీలో జేమ్స్ మేష్టారయ్యారు.

ఇక్కడ నాకు ఒక డౌట్ వచ్చింది. భాష రాదు, బంధువులు లేరు, వచ్చిన ఉద్యోగం పోయింది. అలాంటప్పుడు గ్రెట్టా మదనపల్లెలో ఏం చేసి ఉంటారు? మనమైతే రూమ్‌లో కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తాం. ఆవిడ మాత్రం తోటి మేష్టార్ల భార్యల్ని కలిశారు. వాళ్ళతో ఒక సంఘం మొదలైంది. పేరు అబలా అభివర్ధినీ సమాజం. అద్దాలు పగలగొట్టి జైలుకెళ్ళొచ్చిన ఆవిడ ఉన్న సంఘానికి అబల అని పేరు! అదే ఊళ్ళో మొదలైన పని 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌గా పెరిగింది. బిసెంట్, డొరొతీ జినరాజదాస, గ్రెట్టా కలిసి దాన్ని నిలబెట్టారు.

అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటన్ నుంచి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు సరోజినీ నాయుడు ముందుండి మహిళల బృందం ఆయన్ని కలిసింది. మగవాళ్ళకి ఏ లెక్కన ఓటిస్తారో మాకూ ఆ లెక్కనే ఇవ్వండి అని అడిగింది. ఆ ప్రయత్నం వెనక కూర్చుని ఉత్తరాలు రాసి, అందరినీ పోగుచేసింది గ్రెట్టా. 1921లో మద్రాసు రాష్ట్రం ఆడవాళ్ళకి ఓటిచ్చింది. దేశంలో అలా ఇచ్చిన మొదటి రాష్ట్రం అదే. అప్పుడు మా చోడవరం కూడా ఆ రాష్ట్రంలోనే ఉండేది. ఆస్తి, పన్ను షరతులున్నాయి కాబట్టి మా ముత్తవ్వ లాంటి వాళ్ళకి అది అందలేదు. కానీ తలుపు తెరుచుకుంది.

ఇప్పుడు పందెం దగ్గరికొద్దాం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణాది టూర్‌లో ఉన్నారు. తిరిగి తిరిగి అలిసిపోయారు. అప్పటికి జేమ్స్ ఆ కాలేజీ ప్రిన్సిపాల్. మా ఊరొచ్చి కొన్ని రోజులు రెస్ట్ తీసుకోండని పిలిచారు. ఠాగూర్ వచ్చారు, కాలేజీ ఆవరణలోనే దిగారు. కాలేజీలో వారానికోసారి రాత్రి పూట అందరూ కూర్చుని పాడుకునే అలవాటు ఉండేది. ఠాగూర్ కూడా వచ్చి కూర్చున్నారు. జనగణమన బెంగాలీలో పాడారు. మొదటి చరణం అయ్యేసరికి పిల్లలంతా గొంతు కలిపేశారట. తర్వాత ఆ కొండల మధ్య కూర్చునే దాన్ని ఇంగ్లీషులోకి రాశారు. ఆ చేతిరాత మీద తేదీ 1919 ఫిబ్రవరి 28.

గ్రెట్టాకి పశ్చిమ సంగీతం క్షుణ్ణంగా వచ్చు. ఠాగూర్ పాడుతుంటే విని ఆ స్వరాల్ని నొటేషన్‌లో పెట్టారు. రాసింది ఆయనకి వినిపించి, సరేననిపించుకున్నారు. అంటే బాణీ ఆవిడ కట్టలేదు, అది ఠాగూర్‌దే. పాట కూడా మదనపల్లెలో పుట్టలేదు. 1911 డిసెంబర్ 27నే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. మదనపల్లెలో జరిగింది ఇంగ్లీషు అనువాదం, నొటేషన్. కాబట్టి మావాడు సగం కరెక్టు, నేను సగం కరెక్టు. బిర్యానీ చెరి సగం.

కానీ ఈ సగం నన్ను వదల్లేదు. ఇంటికొచ్చిన పెద్దాయనకి ఊరంతా తిప్పి చూపించి పంపేయొచ్చు. పక్కన హార్స్‌లీ కొండలు ఉండనే ఉన్నాయి. గ్రెట్టా మాత్రం కూర్చుని ఆయన పాట విన్నారు, పొల్లు పోకుండా రాసుకున్నారు. చుట్టానికి మన ఊరు చూపించడం ఒక మర్యాద. చుట్టం తెచ్చింది శ్రద్ధగా అందుకోవడం ఇంకో మర్యాద. రెండోది ఉంటుందని నాకు తట్టనే లేదు.

తర్వాత కథ తొందరగా చెప్తాను. 1922లో గ్రెట్టా మద్రాసులో గౌరవ మేజిస్ట్రేట్ అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయ ఎన్నికల్లో నిలబడితే వెంట ఉండి ప్రోత్సహించారు. 1927లో పూణేలో అఖిల భారత మహిళా సభ మొదలవ్వడానికి ముఖ్య కారణం ఆవిడ రాసిన ఉత్తరాలే. 1932లో సభలు, మాటల మీద ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులకి వ్యతిరేకంగా మద్రాసులో మాట్లాడినందుకు ఏడాది శిక్ష వేసి వెల్లూరు జైల్లో పెట్టారు. యాభై నాలుగేళ్ళ వయసులో, మూడోసారి జైలు. మేజిస్ట్రేటుగా శిక్షలు వేసే కుర్చీలో కూర్చున్న మనిషి బోనులో నిలబడ్డారు.

ఆ రోజుల్లోనే ఆవిడకి ఒకటి అర్థమైందట. ఇక్కడి ఆడవాళ్ళ ఉద్యమాన్ని ఇక్కడి వాళ్ళే నడపాలి, తను ముందు నిలబడకూడదు అని. మెల్లగా పక్కకి తప్పుకున్నారు. నాకైతే ఆవిడ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అనిపించింది. ఇరవై ఏళ్ళు పెంచిన దాన్ని చేతిలోంచి వదలడం మాటలు కాదు.

1940ల్లో పక్షవాతం వచ్చింది. చివరి పదేళ్ళు మంచం మీదే. చేతిలో డబ్బు లేకపోతే మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ సాయం చేశారు. 1950 జనవరి 24న ఆ పాట మన జాతీయ గీతమైంది. అప్పటికి ఆవిడ మంచంలోనే ఉన్నారు. 1954 మార్చి 11న వెళ్ళిపోయారు. ఇండియా వచ్చాక దాదాపు ముప్పై తొమ్మిదేళ్ళు. పుట్టిన దేశంలో గడిపినదానికంటే ఎక్కువ. రెండేళ్ళ తర్వాత జేమ్స్ మదనపల్లెలోనే కన్నుమూశారు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మా అప్ప డల్లాస్‌లో ఉంటుంది. ఎవరో ఒక ఫ్రెండ్ వస్తూనే ఉంటారు, వీకెండ్ అంతా కారులో తిప్పుతూనే ఉంటుంది. నయాగరా మూడుసార్లు చూపించీసిందట. మొన్న ఫోన్‌లో అడిగాను, మీ పక్కింటి వాళ్ళ పేరేంటని. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తెలీదంది. అప్పని తప్పుపట్టడానికి అడగలేదు. మనలో సగం మంది ఇంకో మూడేళ్ళలో ఎమ్మెస్‌కి వెళ్ళిపోతాం, నేనూ అప్లై చేస్తాను. అప్పుడు నా పక్కింటి వాళ్ళ పేరు నాకు తెలుస్తుందా అని భయమేసి అడిగాను. వారం తర్వాత అప్ప తనే ఫోన్ చేసి చెప్పింది. పక్కింటావిడ రిటైరైన పియానో టీచరట.

వచ్చే సెలవుల్లో మేం నలుగురం మదనపల్లె వెళ్తున్నాం. హార్స్‌లీ కొండలు చూపిస్తానంటున్నాడు మావాడు. చూస్తాం. ఆ కాలేజీ కూడా చూస్తాం. కానీ ఈసారి వాళ్ళమ్మగారు వంటింట్లో ఏం పాడుకుంటారో కూడా వినాలనుంది. మా ఇంటికొచ్చినప్పుడు వాళ్ళు మా అమ్మ పాట అడిగి పాడించుకున్నారు. గుళ్ళు, ఫ్యాక్టరీ చూపించేసే తొందరలో నాకది అప్పుడు పట్టలేదు.