దిగులుకు మార్కులు వేసిన డాక్టర్: ఎవరీ మ్యాక్స్ హామిల్టన్?

మీకు 30 ఏళ్లు దాటాయా? అయితే ఆశా కార్యకర్త మీ ఇంటికొచ్చి నింపే ఆరోగ్య ఫారంలో పొగాకు అలవాటు, నడుము చుట్టుకొలత లాంటి వాటితో పాటు మనసుకు సంబంధించిన రెండు ప్రశ్నలు కూడా ఉంటాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? ఒక్కో జవాబుకు 0 నుంచి 3 వరకు మార్కులు. మొత్తం 3 దాటితే మిమ్మల్ని ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

దిగులుకు మార్కులేంటి అని మీకు అనిపించడం సహజం. జ్వరానికి థర్మామీటర్ ఉంది. బీపీకి మెషీన్ ఉంది. డిప్రెషన్‌కు అలాంటి రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇప్పటికీ లేదు. ఉన్నదల్లా ఎదురుగా కూర్చుని మాట్లాడటమే. ఆ మాటల్లోంచి నమ్మదగిన అంకెను రాబట్టవచ్చా? జీవితంలో చాలా భాగం ఈ ప్రశ్న మీదే పనిచేసిన డాక్టర్ మ్యాక్స్ హామిల్టన్.

ఆయన 1912లో జర్మనీలోని ఆఫెన్‌బాక్‌లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. లండన్‌లో వైద్యం చదివి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశారు. తర్వాత మానసిక వైద్యంలోకి వచ్చారు. ఆ రోజుల్లో సైకియాట్రిస్టులు అంతగా పట్టించుకోని స్టాటిస్టిక్స్ మీద ఆయనకు మక్కువ ఎక్కువ. 1953లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన పేరు నిలబెట్టిన పనంతా ఆ తర్వాతే జరిగింది.

అప్పటి సమస్య ఏమిటంటే, 1950ల చివర్లో డిప్రెషన్‌కు కొత్త మందులు రావడం మొదలైంది. ఇమిప్రమిన్ పనిచేస్తోందని స్విట్జర్లాండ్ డాక్టర్ రోలాండ్ కూన్ 1957లో ప్రకటించారు. సరే, పనిచేస్తోందని తేల్చేదెలా? ఒక డాక్టర్ కాస్త నయం అంటారు. అదే పేషెంట్‌ను చూసిన మరో డాక్టర్ ఏమీ మారలేదంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు నిద్ర గురించి అడిగి ఉంటారు, మరొకరు ముఖం చూసి ఉంటారు. ఇలాంటి అభిప్రాయాల మీద ఒక మందును వేలమందికి ఇవ్వాలా వద్దా అని నిర్ణయించాల్సిన పరిస్థితి.

హామిల్టన్ 1959లో ఆందోళనను కొలిచే స్కేల్ ప్రచురించారు. మరుసటి ఏడాది, 1960లో, డిప్రెషన్ స్కేల్ వచ్చింది. అందులో మార్కుల్లోకి వచ్చే అంశాలు 17. దిగులు, అపరాధ భావన, చనిపోవాలన్న ఆలోచనలు, పనిలో ఆసక్తి, మాటలో కదలికలో మందకొడితనం, ఆందోళన, ఆకలి, బరువు తగ్గడం వగైరా. కొన్నింటికి 4 వరకు, తేడాలు పట్టుకోవడం కష్టమైన వాటికి 2 వరకే మార్కులు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో గరిష్ఠం 52. సాధారణంగా 7 లేదా అంతకంటే తక్కువ వస్తే జబ్బు లక్షణాలు దాదాపు పోయినట్టు లెక్క.

నిద్ర సంగతి చూడండి. నిద్ర పట్టట్లేదు డాక్టర్ అని మనం ఒక్క మాటలో చెప్పేస్తాం. హామిల్టన్ దాన్ని మూడు ముక్కలు చేశారు. పడుకున్నాక ఎంతకీ నిద్ర రాకపోవడం ఒకటి, మధ్యలో మెలకువలు రావడం రెండోది, తెల్లవారకముందే లేచి మళ్లీ నిద్రపోలేకపోవడం మూడోది. ఒక్కోదానికి 2 మార్కులు. పేషెంట్ పైకి చెప్పింది ఒకటే అయినా డాక్టర్ మూడుసార్లు అడగాల్సిందే.

దీన్ని పేషెంట్ చేతికిచ్చి టిక్కులు పెట్టించడం ఆయన ఉద్దేశం కాదు. అనుభవమున్న డాక్టర్ హడావుడి లేకుండా, కనీసం అరగంట మాట్లాడాలి. కుటుంబ సభ్యుల నుంచి, నర్సుల నుంచి కూడా వివరాలు తీసుకోవాలి. నాకు బాగా నచ్చిన నియమం మరొకటుంది. వీలైతే ఒకే ఇంటర్వ్యూలో ఇద్దరు డాక్టర్లు కూర్చోవాలి. ఎవరి మార్కులు వాళ్లు విడిగా వేయాలి. తర్వాత ఆ రెండూ కలపాలి. ఒక్కరే ఉంటే ఆ స్కోరును రెట్టింపు చేసి లెక్కించమన్నారు. తన అంచనాను కూడా మరొకరి అంచనా పక్కన పెట్టి చూసుకోవడానికి సిద్ధపడ్డ డాక్టర్ అన్నమాట.

ఈ స్కేల్ ఎవరికి డిప్రెషన్ ఉందో తేల్చేది కాదు. ఉందని ముందే నిర్ధారణ అయినవారిలో అది ఎంత తీవ్రంగా ఉందో చెప్పేది. ఈ తేడా చాలామంది మరిచిపోయారు. ఆన్‌లైన్‌లో ఇదే పేరుతో కనిపించే క్విజ్‌లు రెండు నిమిషాల్లో ఫలితం చూపిస్తాయి. వాటిని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

1963లో హామిల్టన్ లీడ్స్‌లో సైకియాట్రీ ప్రొఫెసర్ అయ్యారు. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీకి అధ్యక్షుడిగా కూడా పనిచేశారు. ఈలోగా స్కేల్ ప్రపంచమంతా తిరిగింది. డిప్రెషన్ మందుల ట్రయల్స్‌లో స్కోరు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టు లెక్కించడం ఆనవాయితీ అయింది.

లోపాలు లేవా? ఉన్నాయి. నిద్రకే 6 మార్కులు కాబట్టి, మత్తునిచ్చే మందు మనసును పెద్దగా బాగుచేయకపోయినా స్కోరును తగ్గించగలదు. అంతకంటే పెద్ద లోపం, ఏ అంశం చూడాలో హామిల్టన్ చెప్పారు గానీ ప్రశ్న ఏ మాటల్లో అడగాలో చెప్పలేదు. దాంతో డాక్టర్ డాక్టర్‌కూ ప్రశ్న మారింది, ప్రశ్నతో పాటు మార్కూ మారింది. అమెరికా పరిశోధకురాలు జానెట్ విలియమ్స్ ప్రతి అంశానికీ అడగాల్సిన ప్రశ్నలను ముందే రాసిపెట్టిన ఇంటర్వ్యూ గైడ్ తయారు చేశారు. అందరూ ఒకేలా అడగడం మొదలుపెడితే మార్కులు మరింత దగ్గరకొచ్చాయి. ఆ గైడ్ 1988లో ప్రచురితమైంది. హామిల్టన్ చనిపోయిందీ అదే ఏడాది.

ఇప్పుడు మళ్లీ మీ గుమ్మం దగ్గరకు వద్దాం. ఆశా కార్యకర్త అడిగే రెండు ప్రశ్నలు హామిల్టన్ స్కేల్ కాదు. అవి పీహెచ్‌క్యూ అనే మరో ప్రశ్నావళి నుంచి వచ్చినవి, ప్రాథమిక వడపోతకు మాత్రమే. కానీ ఆయన్ని వేధించిన చిక్కు ఇక్కడా ఉంది. పక్కన అత్తగారో, భర్తో, పిల్లలో నిలబడి ఉండగా అడిగితే, బాగానే ఉన్నానమ్మా అనే అంటారు ఎవరైనా. ఫారంలో 0 పడుతుంది. విడిగా మాట్లాడదాం అని మీరు అడగవచ్చు. అలాగే ఆస్పత్రిలో డాక్టర్ స్కోరు వేస్తే అది ఏ స్కేల్, ఎంత వచ్చింది అని అడిగి ఓపీ చీటీ మీద రాయించుకోండి. తర్వాత వెళ్లినప్పుడు అదే స్కేల్‌తో చూస్తేనే తేడా తెలుస్తుంది.

అంతవరకూ ఆగలేనంత బరువుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.