డా. యల్లాప్రగడ సుబ్బారావు గారు: కొలత నుంచి తయారీ దాకా

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శి గారు కోరగా, డా. యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకొన్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. 1923లో మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. మళ్ళీ స్వదేశం చూడలేదు.

హార్వర్డ్‌లో ఫిస్క్ గారితో కలిసి, రక్తమూత్రాదులలో భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కొలత కుదిరితేగాని పని సాగదని గుమాస్తాలమైన మనకు వేరే చెప్పాలా! ఆ కొలత చేతికి వచ్చాకనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. బయటపడ్డాయి.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడి సమస్య వేరు. కాలేయంలో ఫోలిక్ ఆమ్లం అతి స్వల్పం. ఆ రోజుల్లో రసాన్ని బొగ్గుపొడి వంటి సన్నని రంధ్రాల పదార్థానికి పట్టించి, తిరిగి కడిగి విడదీసేవారు. 1941లో టెక్సస్ శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూరతో మొదలుపెడితే చివరకు మిగిలింది అత్యల్పం. ఇట్లా తీస్తే రోగులకు మందు అందేదెప్పుడు? సుబ్బారావు గారి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది, సోదరులకు అందకపోయినా.

ఫోలిక్ ఆమ్లంలో చిన్న మార్పుతో పుట్టిన అమినోప్టెరిన్‌ను పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడి డా. ఫార్బర్ 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సభ్యులలో కీళ్ళవాతానికి అది వాడేవారు గమనించాలి: వారానికి ఒక్కసారే, రోజూ వేసుకొంటే ప్రాణాపాయం. మా ఇంటావిడ కోసం క్యాలెండరులో సోమవారాలకు గుండ్రాలు చుట్టి ఉంచాను. తోడుగా డాక్టరు గారు వ్రాసేది ఫోలిక్ ఆమ్లమే! బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కాలం చేశారు.

నేడు ఇటువంటి మాత్రల నాణ్యతను తేల్చేది మరో రంధ్రాల పదార్థం, సిలికా. 1941లో మార్టిన్, సింజ్ అనే ఆంగ్లేయులు సిలికా జెల్‌తో పదార్థాలను విడదీసి, 1952లో నోబెల్ పొందారు. ఇప్పుడు గొట్టంలో నింపేవి మిల్లీమీటరులో వెయ్యోవంతు కొలతన మూడు నుంచి ఐదు వంతులుండే గుండ్రని రేణువులు. ఒక్క గ్రాములోని రంధ్రాల లోపలి వైశాల్యం 300 చదరపు మీటర్ల వరకు, అంటే మన లెక్కలో ఏడు సెంట్ల పైచిలుకు స్థలం! గ్రాముల్లో చేసినప్పుడు కుదిరిన రంధ్రం, పెద్ద తొట్టిలో కిలోలు చేసేటప్పుడు కలపడంలోనో ఆరబెట్టడంలోనో తేడా వస్తే మారిపోతుంది. అప్పుడు ఒకే మాత్ర ఒకచోట ఒక విధంగా, మరోచోట మరో విధంగా పరీక్షలో కనబడవచ్చు. అందుకే తయారీదార్లు ప్రతి విడతనూ విడిగా పరీక్షించి, నంబరు వేసి, మన స్టాకు రిజిస్టరు వలె రికార్డు ఉంచుతారు.